నల్ల జనరల్ ఎక్కని గద్దె

1995లో మేము సాంఘిక సంక్షేమ హాస్టల్లో పదో తరగతి. హాస్టలుకు పేపరు వచ్చేది కాదు. రోడ్డు మీద బంకులో పకోడీలు పొట్లం కట్టిచ్చిన కాగితమే మా పేపరు. ఒకరోజు అట్లా చేతికొచ్చిన ముక్కలో ఒక ఫోటో. నల్లటి మనిషి, భుజాల మీద నక్షత్రాలు, ఛాతీ నిండా పతకాలు. రిటైరైన ఈ జనరల్ అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేస్తాడా చెయ్యడా అని ఆ దేశమంతా ఒకటే చర్చట. నూనె మరకలో సగం అక్షరాలు పోయాయి. పేరు మాత్రం కనపడింది. కోలిన్ పావెల్.

ఆ రాత్రి హాస్టల్లో పెద్ద రగడ. "మనోడే" అన్నాం కొందరం. "మనోడెట్లా అవుతాడ్రా, ఆయన అమెరికావోడు" అన్నారు ఇంకొందరు. "నల్లోళ్లు గదా, ఆ దేశంలో వాళ్లే మాలమాదిగలు" అని మాలో కాస్త తెలివైనవాడు తీర్పు చెప్పాడు. ఆ తీర్పు అందరికీ నచ్చింది. ఫోటోను రేకు పెట్టె మూతకు లోపలివైపు అన్నం మెతుకులతో అంటించుకున్నాం. కొన్నాళ్లకు తెలిసింది, ఆయన పోటీ చెయ్యనన్నాడని. ఫోటో చింపెయ్యాలా ఉంచాలా అని అప్పుడు తేల్చుకోలేకపోయాం. ముప్పై యేళ్లు దాటినా ఇప్పటికీ పూర్తిగా తేలలేదు.

మొన్న ఏప్రిల్ 14 సభ అయ్యాక గ్రూప్స్ పరీక్షలకు చదువుతున్న కుర్రాడొకడు అడిగాడు. "మాస్టారూ, పై కుర్చీలో మనోడు కూచుంటే చాలదా? కింద నుంచి ఈ కొట్లాటలన్నీ ఎందుకు?" ఆ పిల్లవాడి మీద మాకు కోపం రాలేదు. ఆ వయసులో మేమూ పెట్టె మూత తెరిచి అదే చూసుకునేవాళ్లం. అందుకే ఈ పాత కథ మళ్లీ ఎత్తుకుంటున్నాం.

పావెల్ 1937లో న్యూయార్క్ నగరంలోని హార్లెంలో పుట్టాడు. హార్లెం అంటే ఆ నగరంలో నల్లవాళ్ల పల్లె అనుకోండి. బాబాసాహెబ్ 1913 నుంచి 1916 దాకా చదువుకున్న కొలంబియా విశ్వవిద్యాలయం దాని పక్కనే. పావెల్ తల్లిదండ్రులు జమైకా దీవి నుంచి వలస వచ్చినవాళ్లు. తల్లి బట్టలు కుట్టేది. తండ్రి సరుకు పంపించే చోట గుమాస్తా. కుర్రతనంలో పావెల్ వేసవి సెలవుల్లో పెప్సీ కోలా సీసాలు నింపే ఫ్యాక్టరీలో పనికి చేరాడు. సీసాల యంత్రాల దగ్గర తెల్ల పిల్లలు, నేల తుడిచే కర్ర పట్టుకున్నది నల్ల పిల్లలు. ఈ ఏర్పాటు ఏమిటో మన పాఠకులకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. కాలేజీలో అత్తెసరు మార్కులే. అయితే అక్కడ మన ఎన్‌సీసీ లాంటి సైనిక శిక్షణ ఉండేది. అందులో రాణించి 1958లో సైన్యంలో చిన్న ఆఫీసరయ్యాడు.

ఒక్క సంగతి మాత్రం వివరంగా చెప్పాలి. 1964లో పావెల్ జార్జియా రాష్ట్రంలోని సైనిక శిబిరంలో ఉన్నాడు. అప్పటికే వియత్నాం వెళ్లి, అక్కడ కాలికి దెబ్బ తగిలించుకొని వచ్చినవాడు. ఒక రాత్రి దారి పక్క హోటలు ముందు కారాపి హాంబర్గరు అడిగాడు. రొట్టె మధ్యలో మాంసం పెట్టిచ్చే తిండి అది. నువ్వు నల్లవాడివైతే ఇక్కడివ్వం, వెనక కిటికీ దగ్గరికి రా అన్నారు. తినకుండానే వెళ్లిపోయాడు. ఆ జులైలో పౌరహక్కుల చట్టం వచ్చింది. మళ్లీ అదే హోటలుకు పోయి అడిగాడు. ఇచ్చారు.

మనకు రెండు గ్లాసులు, వాళ్లకు వెనక కిటికీ. దేశం కోసం కాలు చీల్చుకున్నా తెరుచుకోని ముందు కిటికీ చట్టం వస్తే తెరుచుకుంది. ఆ చట్టం ఏ జనరలూ తెచ్చింది కాదు. హోటళ్ల ముందు కూచొని తన్నులు తిన్న కాలేజీ పిల్లలు, బస్సులెక్కడం మానేసి యేడాదికి పైగా నడిచిన పనిమనుషులు, జైళ్లకు పోయిన పాస్టర్లు తెచ్చింది. ఇది పావెల్‌కు తెలియదని మేమనం. తెలుసు కాబట్టే ఆ సంగతి ఆయనే స్వయంగా చెప్పుకున్నాడు.

తర్వాత ఆయన ఎదుగుదల చకచకా జరిగింది. 1987లో అధ్యక్షుడు రీగన్‌కు జాతీయ భద్రతా సలహాదారు. 1989లో త్రివిధ దళాల అధిపతుల కమిటీకి ఛైర్మన్. ఆ రెండు పదవుల్లోనూ మొదటి నల్లవాడు ఆయనే. 1991 గల్ఫ్ యుద్ధంలో మ్యాపులు పెట్టి, కర్ర పట్టుకొని టీవీలో వివరించిన ఆయన ముఖం ఇంటింటికీ తెలిసింది. ఆ యుద్ధానికి పోయిన సిపాయిల్లో సుమారు అయిదో వంతు నల్లవాళ్లే. దేశ జనాభాలో వాళ్లు ఎనిమిదో వంతు కూడా లేరు. ఊళ్లో పని దొరకనివాడు పట్టాళానికి పోవడం మన మహర్ అన్నలకూ తెలిసిన దారే. అంబేడ్కర్ తండ్రి రాంజీ సక్పాల్ కూడా సుబేదారే గదా.

1993 సెప్టెంబరులో పావెల్ రిటైరయ్యాడు. 1995 సెప్టెంబరులో ఆయన ఆత్మకథ వచ్చింది. సంతకం కోసం పుస్తకాల షాపుల ముందు బారులు తీరారు. నిలబడతాడా, ఏ పార్టీ నుంచి, అసలు పార్టీ లేకుండానేనా అని రోజూ ఊహాగానాలు. ఆయన అడక్కుండానే ఆయన కోసం కమిటీలు వెలిశాయి. అధ్యక్షుడు క్లింటన్ మీద ఆయనే గెలుస్తాడని కొన్ని సర్వేలు చెప్పాయి. ఇంకో విచిత్రం, కొన్ని సర్వేల్లో నల్లవాళ్లలో కంటే తెల్లవాళ్లలోనే ఆయనకు మద్దతు ఎక్కువ కనపడింది.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. జనరల్ గద్దెనెక్కడం ఆ దేశానికి కొత్త కాదు. మొట్టమొదటి అధ్యక్షుడు వాషింగ్టన్ జనరలే. బానిసల్ని ఉంచుకున్న జనరల్. ఆండ్రూ జాక్సన్ జనరలే. బానిసల యజమాని, పైగా ఆదివాసుల్ని వాళ్ల నేల మీంచి తరిమే చట్టం 1830లో చేసినవాడు. గ్రాంట్ జనరలే. 1952లో గెలిచిన ఐసెన్‌హోవర్ జనరలే. కాబట్టి కొత్తదనం జనరల్‌లో లేదు, నలుపులో ఉంది. ఆ నలుపు కూడా మొదటిసారి కాదు. 1972లో షర్లీ చిషోమ్ అనే నల్ల మహిళ డెమొక్రాటిక్ పార్టీ తరఫున అభ్యర్థి కావడానికి నిలబడింది. ఆమె కూడా బడిపంతులే, చిన్నపిల్లలకు చదువు చెప్పినామె. 1984లోనూ 1988లోనూ జెస్సీ జాక్సన్ అదే పార్టీలో నిలబడ్డాడు. ఆయన మార్టిన్ లూథర్ కింగ్ వెంట నడిచినవాడు. 1988లో ఆయనకు దాదాపు 70 లక్షల ఓట్లొచ్చాయి. అప్పుడు పత్రికల్లో వచ్చిన ప్రశ్న ఏమిటో తెలుసా? "జెస్సీకి ఏం కావాలట?" నిలబడిన మనిషిని పట్టుకొని ఏం కావాలని అడిగారు. పావెల్‌ను మాత్రం అట్లా అడగలేదు. నువ్వొస్తే చాలు, రా బాబూ అని బతిమాలారు.

తేడా ఎక్కడుంది? జెస్సీ వెనక ఒక గుంపు ఉంది. కూలీ పెంచమనే గుంపు, వైద్యం ఇమ్మనే గుంపు. పావెల్ వెనక గుంపు లేదు, యూనిఫారం ఉంది. యూనిఫారం మనిషి ఎవరికి సమాధానం చెబుతాడు? పైవాడికి. ఈయన వస్తే మన వాటా ఏమీ పోదు, పైగా మనం మంచివాళ్లమని లోకానికి తెలుస్తుంది. తెల్ల ఓటరు మనసులో ఉన్న లెక్క ఇదని మా అనుమానం. అందరికీ ఇదే లెక్క అని కాదు, చాలామందికి.

ఈ లెక్క మనకు 1932 సెప్టెంబరు నుంచీ పరిచయం. పూనా ఒడంబడికతో మనకు సీట్లు మిగిలాయి, ఓటు మాత్రం ఉమ్మడి అయింది. మన సీట్లో మనోడే కూచుంటాడు. అయితే ఎవడు కూచోవాలో మనమొక్కళ్లమే తేల్చం. ఊరంతా కలిసి తేలుస్తుంది. ఊరికి నచ్చినవాడే మనకు నాయకుడు. కాన్షీరాం 1982లో పుస్తకం రాసి మరీ ఇది చెప్పాడు. ఊరికి నచ్చినవాడికైనా పెద్ద కుర్చీ దొరుకుతుందా అంటే అదీ నమ్మకం లేదు. 1971 యుద్ధంలో రక్షణ మంత్రిగా ఉన్న బాబూ జగ్జీవన్ రాం ప్రధాని అవుతాడని 1977లో ఊహాగానాలు, 1979లో మళ్లీ ఊహాగానాలు. 1979 ఆగస్టులో చరణ్‌సింగ్ లోక్‌సభ ముఖం చూడకుండానే రాజీనామా ఇచ్చాడు. మాకు అవకాశం ఇవ్వండని జగ్జీవన్ రాం అడిగితే రాష్ట్రపతి సభనే రద్దు చేశాడు. ఆ రాష్ట్రపతి ఎవరో కాదు, మన అనంతపురం జిల్లా నీలం సంజీవరెడ్డి.

పావెల్ విషయంలో బేరం ఎక్కడ చెడిందో చూడండి. 1995 అక్టోబరు నాటికి ఆయన అభిప్రాయాలు బయటికొచ్చాయి. అక్కడ అఫర్మేటివ్ యాక్షన్ అంటారు. చదువుల్లో, కొలువుల్లో నల్లవాళ్లకు, ఆడవాళ్లకు ప్రత్యేకంగా తలుపు తెరిచే పద్ధతి. అచ్చంగా మన రిజర్వేషన్లు కాదు గానీ దాని వరసే. దానికి నేను అనుకూలం అన్నాడు పావెల్. గర్భం విషయంలో నిర్ణయం ఆడవాళ్లదే అన్నాడు. తుపాకుల మీద అదుపు ఉండాలన్నాడు. అంతే, రిపబ్లికన్ పార్టీలో మతఛాందసులకు, డబ్బున్నవాళ్లకు కారం రాసినట్టయింది. నవంబరు మొదటి వారంలో వాళ్ల నాయకులు పత్రికలవాళ్లను పిలిచి మరీ ఈయన మాకొద్దన్నారు.

ఇక్కడ పావెల్‌కు మేము దండం పెడతాం. ఎందుకంటే మనలో చాలామంది మెట్లెక్కాక నిచ్చెన తన్నేస్తారు. నాకు మెరిట్‌తోనే వచ్చిందని కులం పేరు చెప్పుకోని ఆఫీసర్లు మనకెంతమంది లేరు? కార్టర్ అధ్యక్షుడుగా ఉన్నప్పుడు క్లిఫర్డ్ అలెగ్జాండర్ అనే నల్లవాడు సైన్యం వ్యవహారాలు చూసే కార్యదర్శి. జనరల్ హోదా ఇవ్వాల్సినవాళ్ల జాబితా ఆయన ముందు పెట్టారు. ఒక్క నల్లపేరూ లేదు. మళ్లీ వెతకండని జాబితా తిప్పి పంపాడు. ఆయన పదవిలో ఉన్న కాలంలోనే, 1979లో, పావెల్ బ్రిగేడియర్ జనరల్ అయ్యాడు. ప్రతిభ లేక కాదు జాబితాలో పేర్లు లేనిది, చూసేవాడి కళ్లు లేక. పావెల్ ఈ మాట దాచుకోలేదు. 1996లో ఆ పార్టీ మహాసభలోనే నిలబడి అఫర్మేటివ్ యాక్షన్ కావాలన్నాడు, కొందరు గోల చేసినా అన్నాడు. 2000 మహాసభలో ఇంకో అడుగు ముందుకేశాడు. కొన్ని వేల మంది నల్లపిల్లలకు చదువిస్తే అరిచేవాళ్లు, పెద్ద కంపెనీలు పన్నుల్లో రాయితీలు రాయించుకుంటే నోరెత్తరేమని అడిగాడు. మన దగ్గర 1990లో మండల్ మీద రోడ్లెక్కినవాళ్లను ఆ మాట అడిగితే ఎట్లా ఉండేదో ఊహించుకోండి.

1995 నవంబరు 8న పావెల్ పత్రికలవాళ్లను పిలిచి నేను నిలబడటం లేదన్నాడు. ఆ బతుకుకు కావలసిన తపన తనలో లేదన్నాడు. పక్కన భార్య ఆల్మా నిలబడి ఉంది. ఆమెకు ఇష్టం లేదని ముందునుంచీ అందరికీ తెలుసు. నిలబడితే ఎవడో కాల్చేస్తాడని ఆమె భయం. తాను తప్పుకున్నది ప్రాణభయంతోనని పావెల్ ఎప్పుడూ అనలేదు. అది ఆయన మాట. మేము ఆమె వైపు నుంచి చూస్తున్నాం.

ఆల్మాది అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హాం. ఆమె తండ్రి అక్కడి నల్లపిల్లల బడికి ప్రిన్సిపాల్. 1963లో భర్త వియత్నాంలో ఉంటే ఆమె చంటిబిడ్డతో పుట్టింట్లో ఉంది. ఆ యేడే ఆ ఊళ్లో ఊరేగింపు పిల్లల మీద పోలీసులు కుక్కల్ని వదిలారు. సెప్టెంబరు 15న చర్చిలో బాంబు పెట్టి నలుగురు ఆడపిల్లల్ని చంపారు. రాత్రిళ్లు ఆ ముసలి ప్రిన్సిపాల్ తుపాకీ పట్టుకొని ఇంటికి కాపలా కూచునేవాడు. అల్లుడేమో దేశం కోసం వేరే ఖండంలో తుపాకీ పట్టుకొని ఉన్నాడు. 1963లో మెడ్గర్ ఎవర్స్‌ను ఆయన ఇంటి ముందే కాల్చారు. 1965లో మాల్కం ఎక్స్. 1968లో కింగ్. ఇవన్నీ చూసిన ఆడమనిషి వద్దంటే దాన్ని పిరికితనం అనగలమా?

అన్నాం. మేమే అన్నాం, ఇంకోచోట. 2013 జులై పంచాయతీ ఎన్నికల్లో మా ఊరి సర్పంచి పదవి ఎస్సీలకు రిజర్వయింది. ఊళ్లో పెద్దలు ఏకగ్రీవం చేసుకుందాం అన్నారు. ఏకగ్రీవం అంటే ఏమిటో తెలుసుగా, వాళ్ల పాలేరు పేరు వాళ్లే రాసుకొచ్చి మన చేత చప్పట్లు కొట్టించడం. మా సంఘంలో ఒకణ్ణి, నోరూ ధైర్యం ఉన్నవాణ్ణి, నిలబెట్టాలనుకున్నాం. సర్కారు జీతం తీసుకునేవాళ్లం గనక మేము నామినేషన్ వెయ్యకూడదు. వేసేది వాడు, వేయించేది మేము. నామినేషన్ తెల్లారి అనగా రాత్రి వాడి భార్య మా ఇంటికొచ్చింది. "మేష్టారూ, మా ఆయనకేదన్నా అయితే నా పిల్లలకు కూడెవరు పెడతారు? కౌలు చేను లాక్కుంటే మీరిస్తారా చేను?" అని అడిగింది. ఇద్దరు పిల్లలు ఆమె కొంగు పట్టుకొని నిలబడ్డారు. మేము రాజ్యాంగం గురించి ఏదో చెప్పాం. ఆమె విని వెళ్లిపోయింది. తెల్లారి వాడు నామినేషన్ వెయ్యలేదు. ఏకగ్రీవమే అయింది. పిరికిపంద అని వాడితో రెండేళ్లు మాట్లాడలేదు మేము. ఆల్మా తండ్రి సంగతి చదివినప్పుడు మాకు గుర్తొచ్చింది వాడు కాదు, ఆ కొంగు పట్టుకున్న పిల్లలు.

పావెల్ తర్వాతి కథ మాత్రం అంత సానుభూతితో చెప్పలేం. నిజానికి అది ముందే మొదలైంది. 1968 చివర్లో మేజరుగా వియత్నాంలో ఉన్నప్పుడు ఒక కుర్ర సిపాయి పై అధికారికి ఉత్తరం రాశాడు, మనవాళ్లు అక్కడి పల్లెజనాన్ని హింసిస్తున్నారని. ఆ సంగతి చూడమని పావెల్‌కు అప్పజెప్పారు. ఉత్తరం రాసినవాణ్ణి పిలిచి అడగనైనా అడక్కుండా, మన సిపాయిలకూ అక్కడి జనానికీ సంబంధాలు బ్రహ్మాండంగా ఉన్నాయని రాసి పంపాడు. ఆ దళం సిపాయిలే అదే యేడు మార్చిలో మైలాయి అనే చోట వందల మంది ఆడవాళ్లనూ పిల్లలనూ చంపారు. పావెల్ అక్కడికి చేరింది ఆ తర్వాతే, ఆ ఉత్తరంలో మైలాయి పేరూ లేదు. ఆ మాట చెప్పకపోతే అన్యాయం. కానీ దాడి జరిగిన పల్లెకొచ్చి 'పరిస్థితి ప్రశాంతంగా ఉంది' అని రాసుకుపోయే ఆఫీసరు మనకు తెలుసు. ఆ ఆఫీసరు మనోడే అయిన సందర్భాలూ తెలుసు.

2001లో పావెల్ అమెరికా విదేశాంగ మంత్రి అయ్యాడు. ఆ పదవిలోనూ మొదటి నల్లవాడు. ఆ యేడు ఆగస్టు చివర దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో జాతి వివక్షకు వ్యతిరేకంగా ఐక్యరాజ్యసమితి మహాసభ జరిగింది. మనవాళ్లు దేశం నలుమూలల నుంచీ అక్కడికి వెళ్లారు, కులాన్ని కూడా లోకం ముందు పెట్టాలని. కులం మా ఇంటి విషయం అని మన ప్రభుత్వం అడ్డుపడింది. నల్లజాతి విదేశాంగ మంత్రి వస్తాడని, కనీసం వింటాడని ఎవరన్నా ఆశపడి ఉంటే ఆ ఆశ అక్కడే పోయింది. ఇజ్రాయెల్ మీద విమర్శ ఉందని ఆయన రాలేదు. పంపిన చిన్న బృందాన్ని కూడా సెప్టెంబరు 3న వెనక్కి పిలిచాడు. చివరి పత్రంలో కులం మాట లేకుండానే సభ ముగిసింది.

2003 ఫిబ్రవరి 5న భద్రతా మండలిలో చిన్న గాజు సీసా ఎత్తి చూపించి ఇరాక్ దగ్గర ఘోరమైన ఆయుధాలున్నాయని చెప్పింది ఈయనే. ఆ పని ఆయన చేతనే ఎందుకు చేయించారు? లోకం నమ్మే ముఖం ఆయనదొక్కటే కాబట్టి. హార్లెం నుంచి కష్టపడి సంపాదించుకున్న నమ్మకాన్నంతా ఆ పూట ఖర్చు పెట్టించారు. మార్చిలో యుద్ధం మొదలైంది. ఆయుధాలు దొరకలేదు. ఆ ఉపన్యాసం తన మీద మచ్చ అని 2005లో ఆయనే ఒప్పుకున్నాడు. జమైకా మూలాలున్న గాయకుడు హారీ బెలఫాంటే 2002లోనే ఆయన్ను దొరగారి ఇంట్లో బానిసతో పోల్చాడు. దొర మాట విన్నంతసేపే ఇంట్లో చోటు అని దాని అర్థం. ఆ పోలిక పావెల్‌ను నొప్పించింది. మాకూ కొంచెం నొప్పిగానే ఉంది, పెట్టె మూతకు అంటించుకున్న ఫోటో గదా. అయినా కాదనలేం.

2008లో ఆయన సొంత పార్టీని కాదని ఒబామాకు మద్దతిచ్చాడు. 2016లో ఇంకో వింత జరిగింది. అక్కడ అధ్యక్షుణ్ణి లాంఛనంగా ఎన్నుకునే ప్రతినిధులుంటారు. వాషింగ్టన్ రాష్ట్ర ప్రతినిధుల్లో ముగ్గురు, పోటీలోనే లేని పావెల్‌కు ఓటేశారు. ఇంకొకరు ఫెయిత్ స్పాటెడ్ ఈగిల్ అనే ఆదివాసీ మహిళకు వేశారు. తమ నీళ్ల కోసం, నేల కోసం పైపులైను కంపెనీలతో కొట్లాడే మనిషి ఆమె. ఆ కుర్రాడికి ఈ నాలుగు ఓట్ల సంగతి చెప్పి, ఏ ఓటు నీది అని అడిగాం. నవ్వాడు గానీ చెప్పలేదు. పావెల్ 2021 అక్టోబరు 18న కోవిడ్ జబ్బుతో పోయాడు. ఆల్మా 2024 జులైలో పోయింది.

మా ఊళ్లో మళ్లీ పంచాయతీ ఎన్నికల మాట మొదలైంది. ఈసారి నామినేషన్ కాగితాలు పట్టుకొని కాదు, నోటుబుక్కు పట్టుకొని ఆ ఇంటికి వెళ్లాం. రాత్రిళ్లు ఆ వాకిట్లో ఎవరెవరు పడుకుంటారు, కౌలు పోతే ఎవరు ఎన్ని బస్తాలిస్తారు, కేసు పెడితే జామీను ఎవరుంటారు అని పేర్లతో సహా రాసుకున్నాం. మొత్తం పంతొమ్మిది పేర్లు. ఆమె పెద్ద కొడుకు ఇప్పుడు ఇంటర్. వాడి చేత పైకి చదివించుకొని చివరిదాకా వింది.

"ఇందులో మీ పేరు లేదేం మేష్టారూ?" అని అడిగింది.

అక్కడే రాశాం.